పాత చట్రం – కొత్త చక్రం

ఏ యంత్రమూ ఒక్కసారిగా ముసలిదైపోదు. దాని భాగాలు వేర్వేరు వేగాలతో అరుగుతాయి. సైకిలులో ముందుగా అరిగేవి టైర్లు, బ్రేకు దిమ్మలు. ఆ తరువాతి వంతు చైనుది, ఫ్రీవీలుది. మరికొంత కాలానికి రిమ్ములు, ఇరుసులు, గోళీలు సెలవు తీసుకుంటాయి. తుప్పు పట్టకుండా కాపాడుకొన్న ఉక్కు చట్రం మాత్రం రెండు తరాలవారిని మోసిన తరువాత కూడా నిటారుగా నిలిచి ఉంటుంది. చిక్కు వచ్చేది ఇక్కడే. తాత కొన్న సైకిలు చట్రం చెక్కుచెదరకుండా ఉంటుంది గాని, దానికి సరిపడే కొలతల భాగాలు మనుమని కాలంలో అంగడిలో దొరకవు. అప్పుడు యజమాని ఎదుట రెండు మార్గాలుంటాయి. మొదటిది, చట్రాన్ని పాత ఇనుముగా తూకానికి అమ్మడం. రెండవది, ఆ చట్రాన్నే కొద్దిగా మార్చి కొత్త భాగాలను ఇముడ్చుకొనేటట్లు చేయడం. ఈ రెండవ మార్గం పొదుపైనదే. కాని రహదారిపై మనిషి ప్రాణాన్ని మోసేవి ఆ గొట్టాలే. కనుక వాటిపై రంపం పెట్టేముందు వాటి నిర్మాణమేమిటో, స్వభావమేమిటో తెలిసి ఉండాలి.

సైకిలు నేటి రూపాన్ని సంతరించుకోవడానికి పునాది పడినది 1885లో. ఇంగ్లండులోని కోవెంట్రీ నగరంలో జాన్ కెంప్ స్టార్లీ ‘రోవర్’ అనే సైకిలును రూపొందించాడు. అందులో రెండు చక్రాలూ ఇంచుమించు సమాన పరిమాణంలో ఉండి, వెనుక చక్రం చైను సాయంతో తిరిగేది. ఆ తరువాత కొద్ది సంవత్సరాలలోనే చట్రం వజ్రాకృతిలో స్థిరపడింది. ఆ ఆకృతిలో పై గొట్టం, కింది గొట్టం, సీటు గొట్టం, హ్యాండిలు కింద నిలిచే తల గొట్టం ప్రధానమైనవి. సీటు గొట్టం నుండి వెనుక చక్రపు ఇరుసు వరకు పైన ఒక జంట, కింద ఒక జంట సన్నని గొట్టాలు సాగుతాయి. కింది గొట్టమూ సీటు గొట్టమూ కలిసేచోట పొట్టిగా, లావుగా అడ్డంగా ఉండే గొట్టంలో పెడళ్ళ ఇరుసు తిరుగుతుంది. సైకిలు షాపులలో దీనిని బీబీ షెల్ అంటారు. ముందు చక్రాన్ని పట్టుకొనే ఫోర్కు వేరే భాగం. దాని రెండు కాళ్ళు భుజం దగ్గర కలుస్తాయి. అక్కడినుండి ఒక కాడ తల గొట్టంలోనికి చొచ్చుకొనిపోయి, పైనా కిందా ఉన్న బాల్‌రేసుల నడుమ తిరుగుతుంది.

ఈ గొట్టాలు బయటికి ఒకే తీరుగా కనిపించినా లోపల అలా ఉండనవసరం లేదు. చట్రంపై భారం ఎక్కువగా పడేది అతుకుల వద్ద. నడుమ భాగంలో పడేది తక్కువ. ఈ సంగతిని గమనించి బర్మింగ్‌హామ్ నగరానికి చెందిన ఆల్‌ఫ్రెడ్ రేనాల్డ్స్, చివరలు మందంగానూ నడుమ పలుచగానూ ఉండే గొట్టాలను తయారుచేసే పద్ధతికి 1897లో పేటెంటు పొందాడు. ఆయన పేరు మీదుగా నడిచిన సంస్థ 1935లో విడుదల చేసిన ‘531’ రకం ఉక్కు గొట్టాలు పందెపు సైకిళ్ళలో ఎంతో ప్రసిద్ధి పొందాయి. ఇటువంటి మేలిరకం గొట్టంలో చివరల మందం 0.9 మి.మీ. ఉంటే నడుమ 0.6 మి.మీ. మాత్రమే ఉండవచ్చు. పాలవారు, తపాలా బంట్రోతులు, రైతులు వాడిన బరువైన రోడ్‌స్టర్ల గొట్టాలు ఇంతకంటె మందమైనవి. చట్రం ఏ రకానిదో తెలియకుండా గొట్టం నడుమ రంధ్రం చేయబూనడం, గోడ ఎంత మందమో తెలియకుండా మేకు కొట్టడం వంటిది.

భాగాలు ఒకదానికొకటి కుదరకపోవడానికి కారణం చరిత్రలో ఉన్నది. పారిశ్రామిక దేశాలు ఒక్కొక్కటి తన కొలతను తాను పాటించింది. ఇంగ్లండు అంగుళాలలో లెక్కించింది. ఫ్రాన్సు మిల్లీమీటర్లలో లెక్కించింది. ఇటలీ వ్యాసాన్ని మిల్లీమీటర్లలోనూ మరచుట్లను అంగుళాలలోనూ లెక్కించి రెండింటినీ కలిపింది. బీబీ షెల్‌నే తీసుకొంటే, ఇంగ్లీషు కొలతలో మర వ్యాసం 1.37 అంగుళాలు, చుట్లు అంగుళానికి 24. ఇటలీ కొలతలో వ్యాసం 36 మి.మీ., చుట్లు అవే 24. ఫ్రాన్సు కొలతలో వ్యాసం 35 మి.మీ., ఒక్కొక్క చుట్టుకు ఒక మిల్లీమీటరు. ఇవి చాలవన్నట్లు నాటింగ్‌హామ్‌లోని రాలీ సంస్థ చాలాకాలం అంగుళానికి 26 చుట్లుండే తన సొంత మరను వాడింది. భారతదేశానికి మొదట దిగుమతి అయినవి ఎక్కువగా ఇంగ్లీషు సైకిళ్ళే. తరువాత 1949లో మద్రాసులో టి.ఐ. సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో సంస్థలు ఆరంభమయ్యాయి. టి.ఐ. సంస్థ ఏర్పడిన నాటికి కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. 28 అంగుళాల చక్రాలు, కడ్డీ బ్రేకులు గల ఇంగ్లీషు నమూనా సైకిలే తెలుగు పల్లెలలోనూ దశాబ్దాల పాటు తిరిగింది. 2020లో సాహిబాబాదులోని అట్లాస్ కర్మాగారం పని నిలిపివేసింది. తయారీదారు తప్పుకొన్నా, అతడు చేసిన చట్రాలు మాత్రం ఇళ్ళలో మిగిలే ఉంటాయి.

ఇక ఉక్కు స్వభావాన్ని తెలుసుకోవాలి. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అనే సామెత ఉక్కుకు పూర్తిగా వర్తించదు. ఎంత పాతబడినా ఉక్కు వంగుతుంది. కొద్ది బలంతో వంచి విడిచిపెడితే తిరిగి పూర్వస్థితికి వస్తుంది. భౌతికశాస్త్రం స్థితిస్థాపకత అని చెప్పే గుణం ఇదే. ఒక హద్దును దాటి వంచితే కొంత వెనుకకు వచ్చి, మిగిలిన వంపును నిలుపుకొంటుంది. విరగకుండా వంపును నిలుపుకొనే ఈ గుణమే పాత చట్రానికి కొత్త జీవితాన్నిస్తుంది. అల్యూమినియం చట్రానికి ఈ సౌలభ్యం లేదు. ఉష్ణ సంస్కారంతో గట్టిపరచిన ఆ గొట్టాలను బలవంతంగా వంచితే కంటికి కనిపించని పగుళ్ళు ఏర్పడతాయి. కార్బన్ నార చట్రం వంపును నిలుపుకోదు. హద్దు దాటితే చిట్లిపోతుంది. అందువల్ల వంచి సరిచేసే పద్ధతి ఉక్కు చట్రాలకు మాత్రమే పరిమితం.

ఈ పద్ధతి ఎక్కువగా అవసరమయ్యేది వెనుక చక్రం వద్ద. వెనుక ఇరుసు కూర్చునే రెండు గాడి పలకల మధ్య దూరం ఒక్కొక్క కాలంలో ఒక్కొక్క విధంగా ఉన్నది. అయిదు పళ్ళచక్రాల గేరు సైకిళ్ళ కాలంలో అది 120 మి.మీ.; ఆరేడు పళ్ళచక్రాలు వచ్చినప్పుడు 126 మి.మీ.; ఎనిమిది, ఆపైన వచ్చినప్పుడు 130 మి.మీ. అయింది. 120 మి.మీ. చట్రంలో 130 మి.మీ. హబ్బును బిగించాలంటే గొట్టాలను 10 మి.మీ. ఎడం చేయాలి. అంటే ఒక్కొక్క పక్కకు 5 మి.మీ. ఇక్కడ కొందరు తొందరపడి రెండు పక్కలనూ ఒకేసారి లాగుతారు. అప్పుడు బలహీనమైన పక్క ఎక్కువగా, బలమైన పక్క తక్కువగా వంగి, చక్రం చట్రపు నడిమి రేఖనుండి తొలగిపోతుంది. నేర్పరి అయిన మేస్త్రీ ఒక పక్కను బిగించి రెండవ పక్కను కొద్దికొద్దిగా వంచుతాడు. వదిలినప్పుడు ఉక్కు కొంత వెనుకకు వస్తుంది గనుక కావలసిన దూరంకంటె కొంచెం ఎక్కువ వంచి, విడిచి, కొలిచి, మళ్ళీ వంచుతాడు. మేలిరకం ఉక్కు మామూలు ఉక్కుకంటె ఎక్కువగా వెనుకకు వస్తుంది. అందువల్ల దానిపై మరింత ఓర్పు అవసరం.

వంపు రెండు పక్కలా సమానంగా వచ్చిందో లేదో తేల్చడానికి ఖరీదైన పరికరం అవసరం లేదు. ఒక దారం చాలు. దారాన్ని ఒక గాడి పలకకు కట్టి, ముందుకు తెచ్చి, తల గొట్టం చుట్టూ తిప్పి, రెండవ గాడి పలక వరకు బిగువుగా లాగాలి. సీటు గొట్టానికి అటూ ఇటూ ఉన్న దారాల ఎడాన్ని కొలవాలి. రెండు కొలతలూ సమానమైతే వెనుక భాగం నడిమి రేఖపై ఉన్నట్లు. దీనితో పని పూర్తికాదు. గొట్టాలు ఎడమైనప్పుడు గాడి పలకలు కూడా కొంత ఓరగా తిరుగుతాయి. వాటిని తిరిగి సమాంతరంగా చేయాలి. లేకుంటే నట్లు బిగించినప్పుడల్లా ఇరుసు వంగుతూ, కొన్నాళ్ళకు విరుగుతుంది. ఒకే పళ్ళచక్రం గల పాత రోడ్‌స్టర్లలో ఈ ఎడం సుమారు 110 మి.మీ. మాత్రమే. దానిని ఏకంగా 130 మి.మీ.కు సాగదీయడం వివేకం కాదు. చట్రానికి తగిన ఇరుకైన హబ్బును వెతకడమే మేలు.

చక్రం మారితే దాని ప్రభావం చట్రమంతటిపైనా పడుతుంది. 28 అంగుళాల రోడ్‌స్టర్ రిమ్ముపై టైరు కూర్చునే వ్యాసం 635 మి.మీ. నేడు విరివిగా దొరికే 700సి రిమ్ముకు అది 622 మి.మీ. వ్యాసంలో 13 మి.మీ. తేడా అంటే వ్యాసార్ధంలో 6.5 మి.మీ. తేడా. కనుక బ్రేకు దిమ్మలు అంత మేరకు ఇరుసువైపు జరగాలి. టైరు మందం మారకుంటే పెడళ్ళు కూడా అంత మేరకు నేలకు దగ్గరవుతాయి. మలుపులో సైకిలు ఒరిగినప్పుడు పెడలు నేలను తాకే ప్రమాదం పెరుగుతుంది. కడ్డీ బ్రేకుల దిమ్మలు రిమ్ము లోపలి అంచును ఒత్తుతాయి. 700సి రిమ్ముకు అటువంటి అంచు ఉండదు గనుక వేరే బ్రేకులు కావాలి. చక్రాన్ని కొనేముందే బ్రేకు సంగతి తేల్చుకోవాలని చెప్పడం ఇందుకే.

సీటు పిల్లరు విషయంలో సమస్య పదో వంతు మిల్లీమీటర్లలో ఉంటుంది. సాధారణ సైకిళ్ళలో పిల్లరు వ్యాసం 25.4 మి.మీ. ఉంటే, పలుచని గొట్టాలు గల మేలిరకం చట్రాలలో 27.2 మి.మీ. ఉంటుంది. వీటి నడుమ 0.2 మి.మీ. తేడాతో ఎన్నో కొలతలున్నాయి. కొత్త పిల్లరు సన్ననిదైతే పలుచని లోహపు రేకును చుట్టి అమర్చవచ్చు. రేకు నచ్చకపోతే తీసివేయవచ్చు. చట్రానికి నష్టం లేదు. పిల్లరు లావైతే గొట్టం లోపలి గోడను రీమరుతో గీయాలి. ఈ పని వల్ల గోడ శాశ్వతంగా పలుచబడుతుంది. బిగింపు కోసం గొట్టం వెనుక పెట్టిన చీలిక కింది కొసలో చిన్న గుండ్రని రంధ్రం ఉండాలి. కొస సూదిగా ఉంటే బలమంతా ఆ ఒక్క బిందువు వద్ద చేరి పగులు మొదలవుతుంది. గుండ్రని అంచు ఆ బలాన్ని పంచుతుంది. పిల్లరు చాలినంత లోతుకు, పై గొట్టం అతుకును దాటి కిందికి, దిగి ఉండాలన్నది కూడా మరువరాని నియమం.

బీబీ షెల్ మరలు అరిగిపోయినప్పుడు చట్రం పనికిరాదని చాలామంది భావిస్తారు. ఇంగ్లీషు కొలతలోని 1.37 అంగుళాలు 34.8 మి.మీ.కు సమానం. ఇటలీ కొలత 36 మి.మీ. కనుక పాడైన ఇంగ్లీషు మరలను పూర్తిగా తొలిచి, వాటి స్థానంలో ఇటలీ మరలను కోయవచ్చు. పెద్ద కొలత చిన్న కొలత లోపాన్ని మింగివేస్తుంది. కాని ఇందులో ఒక చిక్కు ఉన్నది. ఇంగ్లీషు పద్ధతిలో కుడి పక్క కప్పుకు ఎడమచేతి మర ఉంటుంది. తొక్కేటప్పుడు ఇరుసుపై పడే బలం చుట్టూ తిరుగుతూ, కప్పును వ్యతిరేక దిశలో కొద్దికొద్దిగా దొర్లించబోతుంది. ఎడమచేతి మర అయితే ఆ కదలిక కప్పును మరింత బిగిస్తుంది. ఇటలీ పద్ధతిలో రెండు పక్కలా కుడిచేతి మరలే గనుక కుడి కప్పు వదులయ్యే స్వభావం కలిగి ఉంటుంది. దానిని చాలా గట్టిగా బిగించవలసి ఉంటుంది. మరలతో పని లేకుండా షెల్ లోపల విప్పారి పట్టుకొనే బేరింగు గుళికలు కూడా ఉన్నాయి. అవి దొరికితే లోహాన్ని కోయవలసిన పనే లేదు.

ఇంతవరకు చెప్పిన మార్పులన్నింటికంటె జాగ్రత్తగా చేయవలసినది ఫోర్కు మార్పు. పాత ఫోర్కు కాడ బయటి వ్యాసం ఒక అంగుళం, అనగా 25.4 మి.మీ. కొత్త బాల్‌రేసుల ఎత్తు పాతవాటికంటె తక్కువైతే కాడ పొడవు మిగిలిపోతుంది. మిగిలిన దానిని కోయవచ్చు. కోసేముందు కాడపై ఒక నట్టును ఎక్కించి ఉంచితే, కోత ముగిసిన తరువాత దానిని విప్పేటప్పుడు నలిగిన మరచుట్లు చక్కబడతాయి. మర చాలకపోతే డై సాయంతో మరను కొంత కిందికి పొడిగించవచ్చు. అయితే మర కోసినచోట గొట్టం గోడ పలుచబడుతుంది. హ్యాండిలు కాడ అడుగున విచ్చుకొని బిగిసే ముక్క ఆ పలుచని మర భాగంలో నిలిస్తే, కాలక్రమంలో అక్కడే విరుగుతుంది. ఆ ముక్క మర లేని భాగం వరకు దిగాలి.

కాడ పొట్టిదైతే దానిపై మరొక ముక్కను అతికించడం మాత్రం తగదు. తక్కువ ఎత్తుగల బాల్‌రేసులను వెతకాలి. దొరకకపోతే నిపుణుడి చేత కాడ మొత్తాన్ని మార్పించాలి. ఫోర్కు భుజంపై కింది రేసు కూర్చునే మెట్టులోనూ ఇదే నీతి కనిపిస్తుంది. కొన్ని ఫోర్కులలో ఆ మెట్టు వ్యాసం 27.0 మి.మీ.; మరికొన్నింటిలో 26.4 మి.మీ. పెద్దదానిని తగిన కోత పరికరంతో చిన్నది చేయవచ్చు. చిన్నదానిని పెద్దది చేయడానికి మార్గం లేదు. ఆకురాయి తోసిన పొడిని మళ్ళీ లోహంగా అతికించగలవారు ఎవరూ లేరు.

ఆఖరి సాధనం అగ్ని. పాత చట్రాల గొట్టాలను ఎక్కువగా అతుకు తొడుగులలో దూర్చి, ఇత్తడిని కరిగించి పోసి అతికేవారు. ఈ పనికి సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. వెండి కలిసిన పూత లోహాలకు సుమారు 650 డిగ్రీలు చాలు. అతుకు శుభ్రంగా పట్టడానికి వాడేది వెలిగారం. సంస్కృతంలో దీనికి టంకణమని పేరు. స్వర్ణకారుని కుంపటి వద్ద తరతరాలుగా ఉన్న ఈ పదార్థమే సైకిలు చట్రపు అతుకులోనూ పనిచేసింది. వేడి హద్దు మీరితే ఉక్కులోని కణాలు పెరిగి గొట్టం పెళుసుబారుతుంది. ఇత్తడి అతుకుపై కరెంటు వెల్డింగు చేస్తే పలుచని గొట్టానికి చిల్లి పడవచ్చు. కరిగిన ఇత్తడి ఉక్కులోనికి పాకి పగుళ్ళకు దారి తీయవచ్చు. చూడడానికి బలంగా ఉబ్బి కనిపించే అతుకు లోపల బలహీనంగా ఉండే సందర్భాలు ఇవే.

ఈ పనులన్నింటినీ పరిశీలిస్తే వాటి మధ్య ఒక వరుస ఉన్నట్లు తెలుస్తుంది. తగిన భాగాన్ని వెతకడం మొదటి మెట్టు. రేకు చుట్టడం వంటి తీసివేయదగిన మార్పు రెండవది. వంచడం మూడవది, వంచినదానిని కొంతవరకు తిరిగి సరిచేయవచ్చు. గీయడం, కోయడం నాల్గవది. ఇక వెనుకకు మరలే దారి లేదు. వేడి చేసి అతకడం అయిదవది. లోహపు స్వభావమే మారే అవకాశం ఉన్నది. పై మెట్టుతో పని జరిగేటప్పుడు కింది మెట్టుకు దిగకూడదు. ఈ వరుస తెలియనివాడు ముందుగా రంపాన్ని, తెలిసినవాడు ముందుగా వెర్నియర్ కాలిపర్సును చేతికి తీసుకొంటాడు.

మార్పు చేసిన చట్రాన్ని అంతటితో మరచిపోరాదు. వంచినచోట, కోసినచోట రంగు చిట్లి సన్నని తుప్పు గీత కనిపిస్తే, అది పగులు కావచ్చునని అనుమానించి పరీక్షించాలి. వెనుక గొట్టం పగిలితే సైకిలు ఊగి, గిర్రుమని చప్పుడు చేసి, ఎక్కినవానికి దిగే వ్యవధి ఇస్తుంది. ఫోర్కు కాడ విరిగితే ఆ వ్యవధి దొరకదు. వేగంగా పోతున్న మనిషి హ్యాండిలుతో సహా ముందుకు పడతాడు. అందుకే వంగి తిరిగి సరిచేసిన ఫోర్కుపై, పగులు జాడ ఉన్న కాడపై అనుభవజ్ఞుడైన మేస్త్రీ చేయి వేయడు. ఎంత మంచి బేరమైనా కాదంటాడు.

చట్రాన్ని కాపాడుకోవాలనే తపన మంచిదే. ఒక ఉక్కు చట్రం తయారీకి ఖర్చైన ఖనిజం, ఇంధనం, మానవశ్రమ అది తిరిగినన్నాళ్ళూ సార్థకమవుతూనే ఉంటాయి. కాని ఆ చట్రం విలువను, దానిపై కూర్చునే మనిషి విలువతో కలిపి తూచాలి. ఉక్కు ఎంతవరకు ఓర్చుకొంటుందో తెలుసుకొని అంతవరకే దానిని అడగడం ఈ పనిలోని నేర్పు. అంతకు మించి అడగవలసి వచ్చినప్పుడు పనిముట్లను పక్కన పెట్టడం కూడా ఆ నేర్పులో భాగమే.